కారం తిన్న గాజు జాడీ

మేనకోడలు నోరు తెరిచి అడిగితే మేనమామ కాదనకూడదని మా వైపు ఒక పట్టింపు ఉంది. ఓణీ వేసిన రోజున సారె పట్టుకెళ్ళాలి. పెళ్ళినాడు బుట్టలో కూర్చోబెట్టి పీటల దాకా మొయ్యాలి. అందుకని మా చెల్లెలి కూతురు ఒకరోజు పొద్దున్నే స్కూటీ దిగి, "మావయ్యా, నువ్వొకటి ఇవ్వాలి, కాదంటే ఒప్పుకోను" అన్నప్పుడు ఏ చీరో గొలుసో అనుకున్నాను.

"ఏం కావాలే?"

"నీ మోషన్."

కాఫీ తెస్తున్న మా ఆవిడ గడప దగ్గరే నిలబడిపోయింది.

"పరీక్షకా? నాకేమైంది?" అన్నాను.

"నీకేమీ కాలేదు. కాలేదు కాబట్టే అడుగుతున్నా."

అప్పటికి ఆ పిల్ల గుంటూరు శివార్లలో ఒక కాలేజీలో పరిశోధన చేస్తోంది. మనిషి పేగుల్లో బతికే సూక్ష్మజీవుల్ని బయటికి తెచ్చి గాజు పాత్రల్లో పెంచడం తన పని. ఒక్కో రకాన్నీ ఏరి విడివిడిగా పెంచడం కాదట. ఊరిని ఊరుగా లేపి తెచ్చి ఇంకోచోట దింపినట్టు, అన్నిటినీ కలిపే పెంచాలి. ఒకటి తిని వదిలింది ఇంకోదానికి అన్నం. ఒక జాతి పోతే దాని మీద ఆధారపడ్డవి పస్తులుంటాయి. ఏళ్ళ తరబడి కారం తిన్న కడుపులో ఆ ఊరు ఎలా ఉంటుంది, కారం తీసేస్తే ఎలా మారుతుంది అన్నది తన ప్రశ్న.

"పుట్టిన దగ్గర్నుంచీ మన కారం తిన్నవాడు కావాలి. ఈ మధ్య యాంటీబయాటిక్ మింగనివాడు కావాలి. రోజూ ఒకే వేళకి తిని ఒకే వేళకి పడుకోవాలి. అలాంటివాడు ఎవడున్నాడా అని వెతుక్కుంటే నువ్వు కనబడ్డావు" అంది.

అది పొగడ్తో ఎత్తిపొడుపో నాకు తెలియలేదు. నేను రిటైరయ్యేదాకా నల్లపాడు దారిలో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో పని చేశాను. గదుల చల్లదనం ఎంతుందో గంటగంటకీ చూసి రాయడం నా ఉద్యోగం. ఆ అలవాటే ఇంటి డైరీకీ అబ్బింది. లేచిన వేళ, తిన్నది, ఇంటికొచ్చినవాళ్ళు, వాన, కరెంటు పోవడం రావడం, అన్నీ రాస్తాను. చిన్నప్పుడు ఈ పిల్లే నాకు గడియారం మావయ్య అని పేరు పెట్టింది.

"నువ్వు నన్ను బుట్టలో మొయ్యాల్సినవాడివి. నడుం నొప్పంటావు. బుట్ట బదులు ఈ డబ్బా అనుకో" అని ఐస్‌క్రీం డబ్బాలాంటిది ఒకటి బల్ల మీద పెట్టింది. ఆ తర్వాత నవ్వడం మానేసి అసలు సంగతి చెప్పింది. పాత్రల్ని నడిపే యంత్రం వాళ్ళకి ఒక్కటే ఉంది. ఎండాకాలం అయ్యాక అది వేరే విద్యార్థి చేతికి వెళ్ళిపోతుంది. తన ఫెలోషిప్ గడువూ అప్పటితో సరి. తనకి దొరికింది ఈ ఒక్క దఫా. ఇది చెడిపోతే ఇన్నేళ్ళ చదువూ సగంలో వదిలి ఇంటికి రావాల్సిందే.

ఒప్పుకుంటున్నట్టు కాగితం ఒకటి ముందు పెడితే చదవకుండానే సంతకం పెట్టాను.

గడప దగ్గరున్న మా ఆవిడ అప్పుడు నోరు విప్పింది. "అక్కడ దాన్ని ఎవరు చూస్తారమ్మాయ్?"

"నలుగురం చూస్తాం అత్తయ్యా. నేను, మా గైడు మేడం, ఇంకో ఇద్దరు."

"ఓహో" అంది. ఆ ఓహోని నేను అప్పుడు పట్టించుకోలేదు.

మర్నాడు పొద్దున్న ఆరింటికల్లా పిల్ల వచ్చి వసారాలో కూర్చుంది. డబ్బా అందుకున్న వెంటనే మూత బిగించి, గాలిని పీల్చేసే పొట్లం ఒకటి లోపల పడేసి ల్యాబ్‌కి పరిగెత్తాలి. వాటికి గాలి విషమట. నేను లోపలికి వెళ్ళి తలుపు వేసుకున్నాను. ఏ రోజూ ఆలస్యమెరగని కడుపు ఆ రోజు మొండికేసింది. బయట స్కూటీ తాళం చెవి గలగలలాడటం వినిపిస్తోంది. మా ఆవిడ పిల్లకి రెండో కాఫీ ఇస్తోంది.

"అయిందా మావయ్యా?"

"నువ్వలా అడక్కే."

"సరే, అడగను. కానీ అయిందా?"

పైవాటాలో మా అబ్బాయి కాపురం, వేరే పొయ్యి. వాడూ మెట్లు దిగి వచ్చి సంగతేమిటని అడుగుతున్నాడు. ఇంటిల్లిపాదీ తలుపు అవతల నిలబడి ఎదురుచూస్తుంటే లోపల కూర్చున్న మనిషికి తను ఇక ఎప్పటికీ బయటికి రాలేడనిపిస్తుంది. చివరికి ఎలాగో గట్టెక్కాను. పిల్ల డబ్బాని ప్రసాదంలా రెండు చేతులా పట్టుకుని వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ మా ఏడాది కారం జాడీలోంచి ఒక సీసాడు కారం కూడా అడిగి పట్టుకెళ్ళింది. పాత్రల్లో వాటికి పెట్టే తిండిలో కలపడానికి.

రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, "అత్తయ్యా, మావయ్యది చాలా బాగా వచ్చింది. మేడంకి చూపించాను, ఫోటోలు కూడా తీశాం" అని సంబరంగా చెప్పింది.

"ఫోటోలా" అంది మా ఆవిడ.

ఆ రోజు నుంచి నా బతుక్కి గీతలు పడ్డాయి. ఏ వారం ఏం తింటానో వరస రాసి ఇవ్వమన్నారు. నాకు చేతనైన పని కనక గళ్ళు గీసి మరీ ఇచ్చాను. పొద్దున ఇడ్లీ, కారప్పొడి, నెయ్యి. మధ్యాహ్నం పప్పు, ఒక వేపుడు, గోంగూర పచ్చడి, మజ్జిగ. రాత్రి అందులో మిగిలినవే. ఆ వరస ల్యాబ్ గోడకి ఎక్కింది. ఇక దాన్ని దాటకూడదు. బయట తినకూడదు. తలనొప్పి మాత్ర కూడా అడిగి వేసుకోవాలి. చెయ్యి మారితే వంట మారుతుంది కాబట్టి ఒక్కరే వండాలి. వారానికోసారి డబ్బా ఇవ్వాలి.

మొదట్లో నాకిది బాగానే ఉంది. నేను ఎలాగూ అలాగే బతుకుతాననుకున్నాను. కానీ మన ఇష్టంతో రోజూ అదే తినడం వేరు, ఇంకోటి తినడానికి వీల్లేక అదే తినడం వేరు. రెండో వారానికే పప్పు కంచంలో పడుతుంటే నాకు కోల్డ్ స్టోరేజీ గుర్తొచ్చింది. ఒకసారి నేను లోపలుండగానే హమాలీ ఎవరో తలుపు మూసేశాడు. లోపల మిరపకాయ బస్తాలు, చలి, ఘాటు. భయం కంటే ముందు వచ్చిన ఆలోచన ఒకటుంది. బయట అందరూ మామూలుగా తిరుగుతున్నారు, నేను లోపలున్నానని ఎవరికీ తెలియదు. తలుపు బాదాక తీశారనుకోండి. ఇక్కడ బాదడానికి తలుపు లేదు. పైవాటాలోంచి ఆదివారం పూట మసాలా వాసన దిగి వస్తుంది. మనవరాలి పుట్టినరోజు కేకు ముక్క నా చేతిలో పెడితే, దాన్ని మళ్ళీ దాని పళ్ళెంలోనే పెట్టేశాను. మనవరాలు నన్ను చూసిన చూపు ఆ రోజు డైరీలో రాసుకున్నాను.

అమరావతిలో బంధువుల పెళ్ళికి వెళ్ళక తప్పలేదు. క్యారేజీ పట్టుకెళ్ళాను. బంతిలో ఆకు ముందు కూర్చుని క్యారేజీ విప్పేసరికి పక్కాయన అడిగాడు, "షుగరా?"

"కాదండి."

"బీపీయా?"

"కాదండి."

ఆయన కాసేపు నా మొహంలోకి చూసి, ఇక అడగలేదు. చెయ్యి మాత్రం నా భుజం మీద వేశాడు. బంతి లేచేసరికి నాకు చెప్పుకోకూడని జబ్బేదో వచ్చిందని మండపమంతా పాకింది. మర్నాడు మా తోడల్లుడు అరటిపళ్ళు పట్టుకుని పరామర్శకి వచ్చాడు. ఆ అరటిపళ్ళూ నేను తినకూడదు. చూస్తూ కూర్చున్నాను.

అసలు దెబ్బ మా ఆవిడకి తగిలింది. ఒంగోల్లో వాళ్ళ అక్కగారికి కంటి ఆపరేషన్. పది రోజులు తోడుండమని అక్కగారు కబురు పెట్టింది. వాళ్ళిద్దరూ ఒకరికొకరు ప్రాణం. వెళ్ళడానికి వీల్లేదు. కోడలు వండి పెడతానంది గానీ, చెయ్యి మారకూడదు కదా. మా ఆవిడ సాయంత్రాలు ఫోన్ పట్టుకుని వరండాలో కూర్చునేది. "చుక్కలు వేసుకున్నావా అక్కా? ఎవరేశారు? సరిగ్గా వేశారా?" అనేది. లోపలికి వచ్చి నాకు ఎప్పటి పప్పే పెట్టేది. ఒకసారి గరిటె పట్టుకుని, "మీ సంతకానికి నేనూ కాపలానే" అంది.

పాత్రల్ని చూద్దువు గాని రమ్మని పిల్ల పిలిచింది. మా ఆవిడ రానంది. "నాకెందుకు అవి" అని లోపలికి వెళ్ళిపోయింది. నేనొక్కణ్ణే వెళ్ళాను.

చిన్న గది. బల్ల మీద రెండు గాజు పాత్రలు, ఒక్కోటి ఆవకాయ జాడీ అంత ఉంటుంది. పైన ఉక్కు మూత, దాంట్లోంచి గొట్టాలు. ఒక గొట్టం తిండి పోస్తుంది, ఒకటి వాడింది లాగేస్తుంది, ఇంకోటి గాలి చొరబడకుండా నైట్రోజన్ వదులుతుంది. లోపల గోధుమరంగు అంబలిలాంటిది మెల్లగా తిరుగుతోంది. ఒంటి వేడికి సరిగ్గా సమానంగా ముప్పై ఏడు డిగ్రీలు. వాసన సంగతి చెప్పను.

"ఇదంతా నేనేనా?" అన్నాను.

"నీలో ఉన్నవాళ్ళు. మొదటి రోజుల్లో అల్లకల్లోలంగా ఉన్నారు. కొత్త ఊళ్ళో దించితే కొట్టుకోరా? ఇప్పుడు సర్దుకున్నారు. ఈ పాత్రకి మీ ఇంటి కారం కలిపిన తిండి. ఆ రెండోదానికి కారం లేదు. నువ్వు ఇంట్లో కారమే తింటున్నావు కాబట్టి ఈ మొదటిది నీతో సరిపోలుతూ ఉండాలి. సరిపోలితేనే పాత్రలో పెరిగింది నిజమైన మనిషి కడుపులాగే నడుస్తోందని చెప్పగలను. అదే నా థీసిస్సు."

"వీటికి సెలవుండదా?"

"వేసవి అయ్యేదాకా లేదు."

గాజు మీద వేలు ఆనించాను. వెచ్చగా ఉంది. నా ఉద్యోగమంతా సరుకుని చలిలో నిద్రపుచ్చడం. ఇక్కడ పిల్ల దేన్నీ నిద్రపోనివ్వకుండా కాపలా కాస్తోంది. కళ్ళ కింద నల్లగా ఉంది తనకి. తను కూడా ఆ గదిలోంచి కదలడానికి లేదని అప్పుడు తెలిసింది. పండక్కి ఇంటికి రాలేదని మా చెల్లెలు ఎందుకు విసుక్కునేదో కూడా అర్థమైంది.

వారాలు గడిచాయి. మిర్చి యార్డులో కొత్త కాయ జోరు తగ్గింది, ఎండలు ముదిరాయి. నా కడుపు మాత్రం నేను ఎన్నడూ ఎరగనంత సుఖంగా ఉంది. క్రమశిక్షణ ఫలితమని డైరీలో గర్వంగా రాసుకున్నాను కూడా.

ఒక మధ్యాహ్నం పిల్ల చెప్పకుండా వచ్చింది. చెప్పులు విడిచి తిన్నగా వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"మావయ్యా, నిజం చెప్పు. కారం మానేశావా?"

"ఏమే, గుంటూర్లో పుట్టి కారం మానానని నన్ను అంటావా?"

"ఏదైనా మందు మింగావా? ఎవరైనా ఏదైనా పెట్టారా?"

"వరస దాటలేదు."

అప్పుడు చెప్పింది. నేనిచ్చిన డబ్బాల ఫలితాలు ఇన్నాళ్ళకి వచ్చాయి, మొదటి ఒకటి రెండూ తప్ప తర్వాతవేవీ కారం పాత్రతో సరిపోవడం లేదు. నేను ఆ పాత్రకి దూరంగా జరిగి, కారం లేని పాత్ర వైపు పోతున్నాను. అంతేకాదు, రెండు పాత్రల్లోనూ పెద్దగా లేనివి కొన్ని నాలో పెరుగుతున్నాయి. గైడు మేడం పిల్లనే తప్పుపట్టింది. డబ్బాల మీద పేర్లయినా తారుమారై ఉండాలి, పాత్రలోకి గాలైనా చొరబడి ఉండాలి అంది. ఏదైనా సరే ఈ దఫా పనికిరాదు, శనివారం ఆపేసి యంత్రం కడిగి అప్పజెప్పమంది.

"నేను పేర్లు మార్చలేదు మావయ్యా. గాలీ పోలేదు. కానీ ఎలా చూపించను? ఆపేస్తే అయిపోయినట్టే" అంది. గొంతు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం స్కూటీ తాళం చెవిని తిప్పుతూనే ఉన్నాయి.

నేను డైరీ తెచ్చి రోజూ తిన్నవి పైకి చదివాను. ఇడ్లీ, కారప్పొడి. పప్పు, దొండకాయ వేపుడు, కారం. పప్పు, బెండకాయ వేపుడు, కారం. చదివేకొద్దీ పిల్ల మొహం ఇంకా పాలిపోయింది. నేను నిజం చెప్తున్నట్టయితే తప్పు తనదే అవుతుంది మరి.

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. మా ఆవిడ చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, విరేచనం సాఫీగా కావడానికి వేసుకునే ఇసబ్‌గోల్ పొట్టు డబ్బా ఒకటి మా మధ్య బల్ల మీద పెట్టింది.

"పేర్లూ మారలేదు, గాలీ పోలేదు అమ్మాయ్. మారింది మీ మావయ్య మజ్జిగ" అంది.

మేమిద్దరం డబ్బా వైపు చూశాం.

"కారం కూడా" అంది. "కొత్త కాయ రాగానే బ్యాడిగి తెప్పించి మర ఆడించాను. రంగే గానీ ఘాటుండదు. ఆయనకి పెడుతోంది అదే."

"నాకు తెలియకుండానా?" అన్నాను.

"మీకు నాలిక ఎక్కడుందండీ? ఇన్నేళ్ళూ ఆ మిరపకాయల ధూళిలో ఉండి అది ఎప్పుడో మొద్దుబారింది. మీరు కారం కళ్ళతో తింటారు. ఎర్రగా ఉంటే చాలు."

మజ్జిగ చిక్కబడిందని గమనించాను. పాలవాడు మారాడేమో అనుకున్నాను.

పిల్ల మెల్లగా అడిగింది. "ఎందుకు అత్తయ్యా?"

"నలుగురం చూస్తాం అన్నావు. ఫోటోలు తీశాం అన్నావు. ఇంటికి ఎవరైనా వస్తున్నారంటే వాకిలి ఊడ్చుకోమా? ఇన్నేళ్ళుగా ఈయన కడుపులోకి పోయిందంతా నా చేత్తో పెట్టిందే. నీ మేడం దాన్ని మిషన్లో పెట్టి చూసి, ఈవిడ మొగుడికి ఏం పెడుతోందర్రా ఇలా ఉంది అనుకోదూ? కాస్త శుభ్రంగా, మర్యాదగా పంపిద్దామనుకున్నా." అంతవరకూ గట్టిగానే మాట్లాడింది. తర్వాత పిల్ల తల మీద చెయ్యి వేసి, "నీ మీదికి వస్తుందనుకోలేదమ్మా" అంది.

పిల్ల డబ్బా మూత తీసి చూసింది. "రోజుకి ఎంత వేశావు?"

"చెంచాడు. ఒక్కోరోజు చెంచాన్నర. పొద్దున ఆయన మొహం చూసి వేసేదాన్ని."

"ఎప్పటి నుంచి?"

"ఫోటోలని నువ్వు ఫోన్ చేశావు చూడు, ఆ తర్వాత గ్యాస్ బండ వచ్చిందే, ఆ మర్నాటి నుంచి."

గ్యాస్ బండ ఎప్పుడొచ్చిందో నేను డైరీ తిరగేసి చెప్పాను. పిల్ల ఫోన్‌లో తన లెక్కలు తీసి చూసుకుంది. నేను జరగడం మొదలైంది దాని వెనకే.

నాకు అప్పుడు తట్టింది. నాలోంచి వెళ్ళినవి అక్కడ గాజు పాత్రలో కూర్చుని మా ఇంటి అసలు కారం తింటున్నాయి. నేనేమో ఇక్కడ రంగు తింటున్నాను.

"మరి నువ్వేం తింటున్నావే?" అన్నాను మా ఆవిడతో.

"నాకు పాత కారమే. జాడీ అడుగున ఉంది. పైన కలుపుకుంటున్నా. నాది ఎవరూ చూడరు కదా."

పిల్ల వరండాలోకి వెళ్ళి గైడు మేడంకి ఫోన్ చేసింది. లోపలికి వచ్చి నిలబడి, మా ఆవిడ వైపు చూడకుండా చెప్పింది. "నా మాట ఒక్కటే చాలదంట. వండినావిడ వచ్చి చెప్పాలంటున్నారు. శనివారం లోపు."

ఆ నలుగురూ చూస్తారనే కదా ఇదంతా చేసింది. ఇప్పుడు ఆ నలుగురి ముందుకే వెళ్ళాలి. మా ఆవిడ ఆ రాత్రి అన్నం తినలేదు. మర్నాడు పొద్దున మంగళగిరి చీర కట్టుకుని, ఇసబ్‌గోల్ డబ్బా, రెండు కారాలూ సంచిలో పెట్టుకుని ఆటో పిలవమంది. దారి పొడుగునా సంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

గైడు మేడం మా కోడలి వయసు మనిషి. ఎవరూ నవ్వలేదు. మా ఆవిడ నిలబడే అంతా చెప్పింది. మేడం కుర్చీ చూపించి, కొలతలు అడిగింది. మా ఆవిడ వాళ్ళ చెంచా వద్దని, అరచేతిలో పొట్టు పోసి చూపించింది. దాన్ని తూకం వేశారు. ఒక్కసారి కాదు, మూడుసార్లు పోయించారు. మూడుసార్లూ మూడు రకాలుగా వచ్చింది. మా ఆవిడ నొచ్చుకుంది.

"పర్లేదమ్మా. అదీ రాసుకుంటాం" అంది మేడం. తర్వాత పిల్ల వైపు తిరిగింది. "అయితే పాత్ర తప్పు కాదన్నమాట. మనిషి మారాడు, అది పట్టుకుంది." ఆ వెంటనే, "నేను నిన్ను అనడం తొందరపాటే" అని కూడా అంది. పిల్ల తలూపింది.

శనివారం ఆపలేదు. కానీ ఒక షరతు పెట్టారు. నేను పాత కారానికి మళ్ళాలి, మజ్జిగలో పొట్టు మానాలి. తిరిగి పాత్రకి దగ్గరగా వస్తానో లేదో చూడాలి. ఒక్క మనిషితో ఏదీ తేలదు గానీ, వస్తే మాత్రం పిల్ల పాత్ర నమ్మదగిందేనని రాసుకోవచ్చు. అంటే నాకు శిక్ష పెరిగింది. నాతో పాటు ఈసారి వండేవారి సంతకం కూడా కావాలన్నారు.

మా ఆవిడ కాగితం తీసుకుని పూర్తిగా చదివింది. నేను చదవని కాగితం అది.

"నేను సంతకం పెట్టను. ఆయన పేరే రాసుకోండి. ఆయనే వండుకుంటాడు. మా అక్కకి రెండో కన్ను ఆపరేషన్ ఉంది. నేను ఒంగోలు వెళ్తున్నాను" అంది.

పిల్ల నా వైపు చూసింది. మేనమామని కదా, ఏమంటాను.

అలా నేను వంటింట్లో పడ్డాను. చెయ్యి మారడమూ లెక్కలోకే వచ్చింది. మా ఆవిడ వెళ్ళేముందు నాలుగు రోజులు పక్కన నిలబడి నా చేత వండించింది. ప్రతి చెంచా గీసి కొలిచాను. చారు లేదు, పులుసు లేదు, పప్పు, వేపుడు, పప్పు, వేపుడు. ఆవిడ ఒంగోలు వెళ్ళాకే పాత కారానికి మళ్ళాను. మొదటి రోజు ఆ కారం కలుపుకున్న ముద్ద నోట్లో పెట్టుకోగానే దగ్గు తెర వచ్చి కళ్ళు కారిపోయాయి. నాలిక మొద్దుబారినా గొంతుకి తెలుస్తుంది. పైనుంచి మా అబ్బాయి పరిగెత్తుకొచ్చి నీళ్ళిచ్చాడు. "పైకి రా నాన్నా, మాతో తిందువు గాని" అన్నాడు. రాకూడదన్నాను. వాడు మెట్లు ఎక్కి వెళ్ళిపోయాడు. కిటికీలోంచి వీధి చివర కల్యాణమండపం మైకు వినిపిస్తోంది. కంచంలో సగం పప్పన్నం అలాగే ఉంది. తిన్నాను.

సాయంత్రాలు ఒంగోలు నుంచి ఫోన్ వచ్చేది.

"ఏం వండారు?"

"పప్పు."

"మేము మామిడికాయ పులుసు పెట్టుకున్నాం" అనేది. వినాలని చెప్పేదో ఊరికే చెప్పేదో గానీ, గొంతు హాయిగా ఉండేది. వెనక నుంచి వాళ్ళ అక్కగారి నవ్వు వినబడేది. పది రోజులన్నది నెల అయింది. రమ్మని నేను అనలేదు.

నేను తిరిగి రావడానికి చాన్నాళ్ళు పట్టింది. ఒక డబ్బా ఆశ పెట్టేది, తర్వాతది వెనక్కి లాగేది. పిల్ల ఫోన్ చేసినప్పుడల్లా నాకు పరీక్ష తప్పిన కుర్రాడిలా ఉండేది. యంత్రం అప్పజెప్పే రోజులు దగ్గరపడ్డాక ఒక పొద్దున స్కూటీ ఆగింది. పిల్ల లోపలికి రాకుండా గేటు దగ్గరే నిలబడి చెప్పింది. "దగ్గరికొచ్చేశావు మావయ్యా. పాత్ర పక్కనే ఉన్నావు. మేడం రాసుకోమన్నారు."

ఆపేసే రోజున మా ఇద్దర్నీ పిలిచింది. ఈసారి మా ఆవిడా వచ్చింది. గొట్టాలు ఒక్కొక్కటే తీశారు. తిప్పే పుల్ల ఆగింది. పాత్రల్లో ఉన్నదాన్ని పారబోసే ముందు ఆవిరి యంత్రంలో ఉడకబెట్టాలట, ఒక్కటీ మిగలకుండా. మూత బిగించి మీట నొక్కింది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పాపం" అంది. ఎవరి గురించో అడగలేదు.

"ఇక నీ ఇష్టం మావయ్యా. ఏదైనా తినొచ్చు" అంది పిల్ల.

ఇంటికి వస్తూ శంకర్ విలాస్ సెంటర్ వైపు ఆటో ఆపించి, మా ఆవిడ మిరపకాయ బజ్జీలు తీసుకుంది. కాగితం పొట్లం నా చేతిలో పెట్టింది. నేను అలవాటు కొద్దీ గడియారం చూశాను. అది తినే వేళ కాదు. పొట్లం పట్టుకుని నిలబడ్డాను.

"తినండి. ఇక ఎవరూ చూడరు" అంది.

నిలబడే తిన్నాను. ఆ రాత్రి మా ఆవిడే వండింది. పాత జాడీ అడుగంటింది కాబట్టి ఏ కారం వేసిందో నేను అడగలేదు. చివర్లో మజ్జిగ పోసుకుంటే కాస్త చిక్కగా అనిపించింది. పాలవాడు మారలేదని నాకు తెలుసు. తాగేశాను.